మూల కోయని జెల్

ఆస్పత్రి మూడో అంతస్తులో, మెట్లెక్కి ఎడమ చేతికి తిరిగితే కనబడే జన్యు పరీక్షల ల్యాబులో ఇరవై ఏడేళ్ళుగా పనిచేస్తున్న టెక్నీషియన్‌ని అందరూ జెల్ అక్క అంటారు. అసలు పేరుతో పిలిస్తే ఆవిడే ఒక్క క్షణం ఆగి, ఇంకెవర్నో పిలుస్తున్నారేమోనని వెనక్కి చూస్తుంది. నోట్లో నాలుక లేని మనిషని ల్యాబంతా చెప్పుకుంటారు. ఆ మాట పుట్టించినవాళ్ళకి మనుషుల్ని చూడడం రాదు. నాలుక ఉంది. దాన్ని పళ్ళ మధ్య అదిమిపెట్టి కూర్చోవడం ఆవిడకి అలవాటు, అంతే.

జెల్ అంటే ఏమిటో ముందు చెప్పాలి. అరచెయ్యి వెడల్పున, చిటికెన వేలంత మందంగా, పట్టుకుంటే జారిపోయేలా ఉండే ఒక పారదర్శకమైన పలక. దానికి ఒక అంచున వరసగా పదిహేను చిన్న గుంటలుంటాయి. మనిషి చెంప లోపల దూదిపుల్లతో గీకి తీసిన డీఎన్ఏలో కావలసిన ముక్కని పెంచి, నీలం రంగు కలిపి, ఒక్కో మనిషిది ఒక్కో గుంటలో చుక్క వేస్తారు. కరెంటు పెడితే ఆ ముక్కలు జెల్‌లో పాకుతాయి. పొట్టి ముక్క ముందుకి పరిగెడుతుంది, పొడుగు ముక్క కాళ్ళీడ్చుకుంటూ వెనకబడుతుంది. ప్రత్యేకమైన దీపం కింద పెడితే అవి గీతల్లా మెరుస్తాయి. దాన్ని ఫొటో తీసి, ఎవరి గీత ఎక్కడ ఆగిందో చూసి రాస్తారు.

ఇందులో ఒక చిక్కుంది. పలక అద్దంలా ఉంటుంది కాబట్టి బోర్లా పడినా తెలియదు. బోర్లా పడితే ఎడమ కుడి అవుతుంది, కుడి ఎడమ అవుతుంది. మొదటివాడి రాత చివరివాడికి పోతుంది. అందుకే, పని నేర్పిన పెద్దావిడ చెప్పినట్టు, జెల్ అక్క ప్రతి జెల్‌కీ కింద కుడివైపు మూలని బ్లేడుతో కోసేది. మూల ఎగిరిపోయిన వైపు చూస్తే ఏది కుడో ఏది ఎడమో గుడ్డివాడైనా తడిమి చెప్పగలడు. ఇరవై ఏడేళ్ళలో ఆవిడ మూల కోయని జెల్ ఒక్కటే.

ఆ ఒక్కదాని కథే ఇది.

పద్నాలుగేళ్ళ కిందట రేవు పక్కనున్న కంటైనర్ల యార్డువాళ్ళు ఆస్పత్రికి వచ్చారు. అంతకుముందు నెల ఒక క్రేన్ ఆపరేటరు దుడుకుతనంతో పెట్టె జారవిడిచాడు. ఎవరికీ ఏమీ కాలేదు గానీ యజమానులకి గుండెదడ పట్టుకుంది. దుడుకువాళ్ళని ముందే కనిపెట్టే మార్గం ఏదైనా ఉందా అని వాళ్ళడిగారు. ల్యాబు అధిపతి పెద్దసారు, అప్పటికి పేరు కోసం ఉవ్విళ్ళూరుతున్న మనిషి, ఉందన్నాడు.

ఆయన చెప్పినదాంట్లో సగం నిజం ఉంది, అదే వచ్చిన తంటా. డోపమైన్ అనేది మెదడులో ఒక కణం ఇంకో కణానికి పంపే కబురు. ఇది బాగుంది, మళ్ళీ కావాలి, ఇంకా కావాలి అనిపించే పనుల్లో దాని చెయ్యి ఉంటుంది. ఆ కబురుని అందుకునే గుమ్మాలే రిసెప్టర్లు. ఆ గుమ్మాల్లో ఒకదాన్ని కట్టే జన్యువులో ఒక చిన్న ముక్క పదేపదే వస్తుంది. కొందరిలో నాలుగుసార్లు, కొందరిలో ఏడుసార్లు. ఏడుసార్లు వచ్చే పొడుగు రకం ఉన్నవాళ్ళలో కొత్తదనం కోసం, ఉత్సాహం కోసం ఎగబడే గుణం కాస్త ఎక్కువని కొన్ని పరిశోధనలు చెప్పాయి, అదేమీ లేదని కొన్ని చెప్పాయి. ఉన్నా ఆవగింజంత. పెంపకం, నిద్ర, స్నేహాలు, ఇంకా వందల జన్యువులు, ఇవన్నీ కలిసి మనిషిని నడిపిస్తుంటే దీని వాటా ఎంత? పెద్దసారుకి ఇదంతా తెలుసు. తెలిసే ఆవగింజని గుమ్మడికాయ చేసి యార్డువాళ్ళ చేతిలో పెట్టాడు.

పదముగ్గురు ఆపరేటర్ల నమూనాలు వచ్చాయి. పేర్లు లేవు, నంబర్లే. ఆ పదముగ్గురిలో తన తమ్ముడు ఉన్నాడని జెల్ అక్కకి తెలుసు, ఏ నంబరో తెలియదు. తెలుసుకోకూడదన్నది నియమం, ఆవిడ నియమం తప్పే మనిషి కాదు. మొదటి గుంటలో, చివరి గుంటలో కొలత కోసం వేసే చుక్కలు వేసి, మధ్యలో వరసగా ఒకటి నుంచి పదమూడు దాకా వేసుకుంటూ వెళ్ళింది. పన్నెండో నంబరు ట్యూబు పగిలి ఉంది, లోపల ఏమీ లేదు. ఆ గుంట ఖాళీగా వదిలేసి తన నోటుబుక్కులో రాసుకుంది: 'పన్నెండు లేదు. ఖాళీ.'

కరెంటు ఆపి బ్లేడు తీస్తుంటే పెద్దసారు వెనకనుంచి వచ్చాడు.

"మూల కోయకమ్మా. ఈ ఫొటో పత్రికలో అచ్చుకి వెళ్తుంది. మూల ఎగిరిపోతే ఎలక కొరికినట్టుంటుంది."

"తిరగబడితే తెలియదు సార్."

"నేనే తీస్తాను కదా ఫొటో. నా కళ్ళు బాగానే ఉన్నాయి."

ఆవిడ బ్లేడు కింద పెట్టేసింది.

తమ్ముడి సంగతీ చెప్పాలి. వాడికి ఐదేళ్ళప్పుడు తల్లి పోతే, పద్దెనిమిదేళ్ళ అక్క వాణ్ణి చంకనేసుకుంది. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళకల్లా వాడు ఎదగనివ్వండి అని చెప్పింది. వాడు ఎదిగేసరికి అడిగేవాళ్ళు మానేశారు. వాడు క్రేన్ నేర్చుకున్నాడు. నలభై అడుగుల ఎత్తున గాజు గదిలో కూర్చుని, ఇనప పెట్టెల్ని ఒకదానిమీద ఒకటి చప్పుడు కాకుండా దించేవాడు. ఆరేళ్ళలో ఒక్క పెట్టెకి సొట్ట పడనివ్వలేదు. పెళ్ళయింది, చంటిపిల్ల పుట్టింది. కిందనుంచి భార్య కూతురికి చూపిస్తే, పైనుంచి క్రేన్ దీపం రెండుసార్లు వెలిగించి ఆర్పేవాడు.

ఫలితాలు వచ్చిన వారానికి వాడికి ఒక కాగితం ఇచ్చారు. 'ప్రమాదకర ప్రవర్తనకు జన్యుపరమైన మొగ్గు.' పదముగ్గురిలో వాడొక్కడికే. క్రేన్ దింపి, కింద పెట్టెలు లెక్కపెట్టే పనిలో వేశారు. మనిషి ఐదడుగుల మూడంగుళాలు, అయినా పొడుగు రకం జన్యువని తోటివాళ్ళు వాడికి 'పొడుగోడు' అని పేరు పెట్టారు. మొదట్లో వాడూ నవ్వాడు. ఎవరైనా చిన్న మాట తూలితే వాడికి కోపం వచ్చేది, వస్తే అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, అదిగో, బయటపడింది అనేవారు. అందరికీ వచ్చే కోపమే. వాడి కోపానికి మాత్రం ఆస్పత్రి ముద్ర ఉంది.

ముద్ర మెల్లగా ఒంట్లోకి దిగింది. ఆర్నెల్లకి తాగుడు, ఏడాదికి తగాదాలు. ఆ తర్వాత ఇంట్లో చెయ్యెత్తడం. ఎందుకురా అంటే ఒకటే జవాబు.

"నేనేం చెయ్యను? నా రక్తమే అంత. రాసిచ్చారు కదా!"

మరదలు చెంప వాచి వచ్చినప్పుడల్లా జెల్ అక్క తడిగుడ్డ పెట్టి సముదాయించేది.

"కాస్త ఓర్చుకో అమ్మా. వాడు కావాలని చెయ్యట్లేదు. వాడి మెదడు తీరే అలాంటిది, పుట్టుకతో వచ్చింది. నేను రోజూ చూసే పనే కదా ఇది, నాకు తెలియదా?"

ల్యాబులో పనిచేసే ఆడబిడ్డ చెప్తుంటే కాదనడానికి ఆ పిల్ల ఏం చదివిందని? మూడేళ్ళు ఓర్చుకుంది. ఒకరోజు ఎడమ చెవి వినబడడం లేదని ఆస్పత్రికి వచ్చి, చూపించుకుని, అటునుంచి అటే కూతుర్ని తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. ఇప్పుడు అక్కడ బడిపిల్లల యూనిఫారాలు కుట్టే దుకాణంలో పనిచేస్తోంది. తమ్ముడు అక్క ఇంటి వెనక గదిలో ఉంటున్నాడు. యార్డు పని ఎప్పుడో పోయింది. నలభై ఐదేళ్ళకే అరవై ఏళ్ళవాడిలా దగ్గుతాడు.

ఇన్నేళ్ళూ జెల్ అక్క కోపం లేకుండా లేదు. ఎవరిమీద కోపగించుకోవాలో తెలియలేదు. విధిమీదా? జన్యువుమీదా? చచ్చిపోయిన తల్లిదండ్రుల మీదా?

రిటైరు అవడానికి నెల ఉందనగా, పాత బీరువా ఖాళీ చెయ్యమన్నారు. అట్టపెట్టెల్లో పాత ఫైళ్ళు, పసుపు పచ్చబడిన నోటుబుక్కులు. యార్డు ఫైలు చేతికి తగిలితే, వద్దు వద్దనుకుంటూనే తెరిచింది. ఫొటో అందంగా ఉంది. నాలుగు మూలలూ ఉన్నాయి. ఎడమవైపునుంచి లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడోది ఖాళీ.

ఆవిడ వేలు అక్కడే ఆగిపోయింది. తను ఖాళీగా వదిలింది ఎడమనుంచి మూడోది కాదు. కుడినుంచి మూడోది.

నోటుబుక్కు వెతికి తీసింది. 'పన్నెండు లేదు. ఖాళీ.' తన చేతిరాతే. నివేదిక తీసింది. అందులో రెండో నంబరుకి 'ఫలితం రాలేదు' అని ఉంది. పన్నెండో నంబరుకి 'పొట్టి రకం, భయం లేదు' అని ఉంది. ఒక్క చుక్క కూడా వెయ్యని మనిషికి ఫలితం రాసేశాడు మహానుభావుడు! ఫొటో బోర్లా తీశాడు. ఎడమ కుడయింది. అదే ఫైల్లో నంబర్ల పక్కన పేర్ల జాబితా కూడా ఉంది. తమ్ముడు మూడో నంబరు. వాడి చోట మెరిసిన పొడుగు గీత వాడిది కాదు. అటునుంచి లెక్కపెడితే అది పదకొండో నంబరుది.

పదకొండో నంబరు ఎదురుగా ఉన్న పేరు చూసి ఆవిడకి నవ్వొచ్చింది. ఆ నవ్వు విని పక్క బల్లమీద పనిచేసే అమ్మాయి భయపడి, "అక్కా, ఏమైంది?" అంది. ఆ పేరుగల ఆపరేటర్ని యార్డులో అందరూ 'నిదానం' అంటారు. మాట నిదానం, నడక నిదానం. టీ తాగడానికి పావుగంట తీసుకునే మనిషి. ఈ పద్నాలుగేళ్ళూ క్రేన్ మీదే ఉన్నాడు, గీత పడనివ్వలేదు, ఇంటిల్లిపాదీ సుఖంగా ఉన్నారు. దుడుకు జన్యువు మోస్తున్నది ఆయన.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి తమ్ముణ్ణి నోరు తెరవమంది.

"మళ్ళీ ఎందుకక్కా? ఒకసారి తేలింది చాలదా?"

"నా చేతుల్తో ఇంకోసారి చూసుకోవాలి. తెరువు రా."

మర్నాడు జెల్ పోసింది. మూల కోసింది. తమ్ముడి గీతలు, తల్లినుంచి వచ్చినదొకటి, తండ్రినుంచి వచ్చినదొకటి, రెండూ పొట్టివే. ముందువరసలో, నిక్షేపంగా. ఆవిడ ఆ దీపం ముందు కూర్చుని ఏడవలేదు. పద్నాలుగేళ్ళుగా మొహం లేని కోపానికి ఒక మొహం దొరికింది. కళ్ళజోడు, పక్కపాపిడి, నవ్వితే కనబడే చిగుళ్ళతో సహా.

అయినా ఒక అవకాశం ఇచ్చింది. నోటుబుక్కు, ఫొటో, కొత్త ఫలితం, మూడూ పట్టుకుని పెద్దసారు గదికి వెళ్ళింది. ఆయన అన్నీ చూశాడు. తర్వాత కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"పద్నాలుగేళ్ళ కిందటి సంగతి ఇప్పుడెందుకమ్మా? మీ నోటుబుక్కులోనే తప్పు పడిందేమో."

"నిన్న చేసిన జెల్‌లో కూడా తప్పు పడిందా సార్?"

"సరే, ఫొటో తిరగబడిందే అనుకుందాం. మీ తమ్ముణ్ణి చూడండి. తాగుడు, కొట్లాటలు, పెళ్ళాం వదిలేసి పోవడం. ఆ బతుకు చూశాక కూడా మనం చెప్పింది తప్పంటారా?"

జెల్ అక్క కాగితాలు తీసుకుని బయటికొచ్చింది. మెట్లమీద గోడకి చెయ్యి ఆన్చి నిలబడింది. గొంతు పిసికి చంపినవాడే, చూశారా, ఇతనికి ముందునుంచీ ఊపిరాడని జబ్బుందని చెప్పినట్టుంది. నీ అంతు చూస్తాను, అనుకుంది. మనసులో కాదు, పైకే అనేసింది. చీపురు పట్టుకుని మెట్లు ఊడుస్తున్నావిడ తనని కాదు కదా అని తలెత్తి చూసింది.

ఆ తర్వాత పదకొండు రోజులు ఆవిడకి తిండి సయించింది, నిద్ర పట్టింది. పగ పట్టిన మనిషి చిక్కిపోతుందంటారు గానీ, ఈవిడ మొహంలో కళ వచ్చింది. పై అధికారులకి ఫిర్యాదు రాయాలా? రాస్తే విచారణ సంఘం వేస్తారు. ఆ సంఘానికి ఆయన శిష్యుడే పెద్ద అవుతాడు. ఇలాంటివి ఇరవై ఏడేళ్ళుగా చూస్తూనే ఉంది. ఆయన దగ్గర లాక్కోదగ్గది ఒక్కటే ఉంది, నలుగురిలో పేరు. కాబట్టి నలుగురిలోనే లాక్కోవాలి.

ఆ నలుగురూ వాళ్ళంతట వాళ్ళే దొరికారు. యార్డువాళ్ళు భద్రతా సభ పెడుతున్నారు. ఇకమీదట పనిలో చేరే ప్రతి ఒక్కరికీ ఈ జన్యు పరీక్ష చెయ్యాలని ఆ సభలోనే పెద్దసారూ యార్డు మేనేజరూ సంతకాలు చేస్తారట. ల్యాబు నుంచి అందరూ రావాలి. రిటైరవుతున్న జెల్ అక్క కూడా రెండు ముక్కలు మాట్లాడాలి. అలా అడిగింది పెద్దసారే. నోట్లో నాలుక లేని మనిషి, నమస్కారం పెట్టి దిగిపోతుందనుకున్నాడు.

ముందురోజు మధ్యాహ్నం ఆవిడ యార్డు క్యాంటీనుకి వెళ్ళింది. నిదానం ఒక మూల భోజనం చేస్తున్నాడు. తిన్నాక పొట్లం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, అప్పుడు చెత్తబుట్టలో వేశాడు.

"అక్కా, బాగున్నారా? తమ్ముడెలా ఉన్నాడు?"

"ఉన్నాడు."

"వాడి చెయ్యి బంగారం అక్కా. పెట్టె దించితే కింద గుడ్డున్నా పగిలేది కాదు. పాపం, రక్తంలో ఉన్నదానికి ఎవరేం చేస్తారు."

ఆవిడకి ఒళ్ళు మండింది. నీ రక్తంలో ఉందయ్యా అది, నీ రక్తంలో! ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఈ మనిషి పేరు రేపు సభలో చెప్తే చాలు, పెద్దసారు లేవకుండా పడతాడు. ఇంతకంటే రుజువు ఏం కావాలి? కానీ ఈయనకి ఇంకా రెండేళ్ళ పని ఉంది. ఎల్లుండికల్లా క్రేన్ దింపేస్తారు. ఆ తర్వాత ఆయన గట్టిగా తుమ్మినా, అదిగో, బయటపడింది అంటారు. చెప్పాలా వద్దా అని తేల్చుకోకుండానే ఇంటికి వెళ్ళింది.

సభలో నలభైమంది ఆపరేటర్లు, ముందువరసలో అధికారులు, పక్కన టీ కప్పుల బల్ల. పెద్దసారు అరగంట మాట్లాడాడు. తర్వాత పదిహేనేళ్ళుగా ఒక్క ప్రమాదమూ లేని ఆపరేటరుకి తన చేత్తో జ్ఞాపిక ఇచ్చాడు. ఆ ఆపరేటరు నిదానమే. ఆయన భుజంమీద చెయ్యివేసి పెద్దసారు మైకులో అన్నాడు:

"ఇలాంటి మనిషికి పరీక్ష కూడా అక్కర్లేదు. మొహం చూస్తేనే తెలిసిపోతుంది."

జెల్ అక్క తన కుర్చీలో సర్దుకుని కూర్చుంది. దేవుడు కూడా తన పక్షానే ఉన్నాడనిపించింది.

ఆవిడ పేరు పిలిచారు. ఆవిడ మైకు దగ్గరికి వెళ్ళి ఫొటోని, నోటుబుక్కుని బల్లమీద పెట్టింది. గొంతు పెంచలేదు. జెల్ అంటే ఏమిటో చెప్పింది, మూల ఎందుకు కోస్తారో చెప్పింది, ఆ రోజు ఎందుకు కోయలేదో చెప్పింది.

"పన్నెండో నంబరు ట్యూబు పగిలిపోయింది. నేను ఒక్క చుక్క కూడా వెయ్యలేదు. సారు నివేదికలో పన్నెండో నంబరుకి ఫలితం ఉంది. ఎలా వచ్చిందో సారునే అడగండి."

వెనకవరసలో ఒక లావుపాటి ఆపరేటరు లేచి నిలబడ్డాడు.

"పన్నెండు నేనేనండీ! నాకు మంచి రక్తమని రాసిచ్చారు. ఫ్రేము కట్టించి గోడకి తగిలించాను. చుక్కే వెయ్యలేదా?"

హాలు గొల్లుమంది. పెద్దసారు మొహంలో నెత్తురు లేదు. ఆయన లేచి రెండో మైకు అందుకున్నాడు.

"ఇది సొంత పగ. ఈవిడ తమ్ముణ్ణి అప్పుడు క్రేన్ దింపాం, అందుకని..."

"అవును సార్, సొంత పగే," అంది జెల్ అక్క. "పరాయివాళ్ళ పగ నేనెందుకు తీరుస్తాను?"

"అయితే చెప్పండి! మీ తమ్ముడు కాకపోతే ఆ పొడుగు రకం ఎవరిది? అలాంటివాడు ఇంకా పైన క్రేన్ మీద ఉంటే ఎంత ప్రమాదం! పేరు చెప్పండి, ఇప్పుడే దింపుదాం."

పేరు ఆవిడ నోట్లోనే ఉంది. నిదానం జ్ఞాపికని ఒళ్ళో పెట్టుకుని, అందరిలాగే ఎవరా అని అటూ ఇటూ చూస్తున్నాడు.

"ఆ మనిషి ఈ హాల్లోనే ఉన్నాడు," అందావిడ. "ఈ పద్నాలుగేళ్ళూ క్రేన్ మీదే ఉన్నాడు. మొహం చూస్తే తెలుస్తుందన్నారు కదా సార్. చూడండి. నలభైమందిని కూర్చోబెట్టాం. మీరే పట్టుకోండి."

ఆయన నిజంగానే చూశాడు. ఆయన గొయ్యి ఆయనే తవ్వుకోవడం అంటే అదే. గట్టిగా నవ్వే కుర్రాడి దగ్గర ఆయన చూపు ఆగింది. చేతిమీద పచ్చబొట్టున్న మనిషి దగ్గర ఆగింది. పన్నెండో నంబరు దగ్గర ఆగింది. ఆ చూపు తన మీద పడబోతోందని తెలిసినవాడల్లా తల దించుకుంటున్నాడు. నిదానం మీదుగా మాత్రం ఆ చూపు ఒక్కసారి కూడా ఆగకుండా వెళ్ళిపోయింది.

"ఏం డాక్టరుగారూ?" అన్నాడు మేనేజరు.

"ఇది... ఇలా చెప్పే విషయం కాదండీ. దాని ప్రభావం చాలా చిన్నది. ఎన్నో కారణాలుంటాయి, జన్యువొక్కటే..."

"ఈ మాట పద్నాలుగేళ్ళ కిందట చెప్పాల్సింది సార్," అని జెల్ అక్క మైకు కింద పెట్టింది.

మేనేజరు ఒప్పందం కాగితాన్ని సంతకం చెయ్యకుండా మడిచి జేబులో పెట్టుకున్నాడు. పెద్దసారు సభవాళ్ళు తనకిచ్చిన జ్ఞాపిక బల్లమీదే మరిచిపోయి పక్క గుమ్మంలోంచి వెళ్ళిపోయాడు. వెనకనుంచి ఎవరో, "డాక్టరుగారూ, బయటికి అటు కాదు, ఇటు! ఎడమ కుడి చూసుకోండి!" అని అరిచారు. మళ్ళీ నవ్వులు. పగ తీరడం ఇంత తీయగా ఉంటుందని జెల్ అక్కకి ఎవరూ చెప్పలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ నవ్వుని మళ్ళీ మళ్ళీ గుర్తుచేసుకుంది.

ఇంట్లో తమ్ముడు మెట్లమీద కూర్చుని ఉన్నాడు. ఆవిడ చెప్పులైనా విప్పకుండా మొత్తం చెప్పింది. ఫొటో, ఖాళీ గుంట, పన్నెండో నంబరు, పెద్దసారు మొహం. వాడు రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత లేచి లోపలికి వెళ్ళాడు. నీళ్ళ చప్పుడు వినబడింది. గడ్డం గీసుకుని, తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఆ చొక్కా ఆవిడ నాలుగేళ్ళ కిందట కొన్నది, అప్పుడు విప్పని మడత ఇవాళ విప్పాడు.

"అక్కా, దానికి ఫోన్ చెయ్యి. నా రక్తం మంచిదేనని చెప్పు. నేను చెప్తే నమ్మదు, నువ్వు చెప్తే నమ్ముతుంది. ఎప్పుడూ నీ మాటే కదా నమ్మేది. పిల్లని తీసుకుని రమ్మను."

వాడి కళ్ళు పద్నాలుగేళ్ళ కిందటి కళ్ళలా ఉన్నాయి. ఆవిడ ఫోన్ తీసి వరండా చివరికి వెళ్ళింది. అవతల కుట్టుమిషన్ల చప్పుడు, దాని మధ్యలోంచి మరదలి గొంతు.

"వదినా? ఈ చెవిలో వినబడదు, ఉండండి, అటు పెట్టుకుంటాను. ఆ, చెప్పండి."

జెల్ అక్క చెప్పింది. హాల్లో తడబడని గొంతు ఇక్కడ రెండుమూడుసార్లు తడబడింది. పరీక్ష తప్పని, వాడిలో ఏ లోపమూ లేదని, అందరి రక్తంలాంటిదేనని చెప్పింది. అవతల మిషన్ చప్పుడు ఆగింది.

"అంటే వదినా, ఆయనలో ఏమీ లేదా?"

"ఏమీ లేదమ్మా. ఎప్పుడూ లేదు."

"మరి నన్ను కొట్టిందెవరు?"

జెల్ అక్క ఫోన్ని రెండో చెవికి మార్చుకుంది.

"ఆయన రక్తమే కొట్టిస్తోందని మీరన్నారు. చదువుకున్నవారు, మీకు తెలుసనుకున్నాను. మీ మాటమీద మూడేళ్ళు ఆగాను వదినా. మొదటి నెలలోనే పోదామని సంచి సర్దుకున్నాను, మీరే విప్పించారు, గుర్తుందా? అప్పుడే పోయుంటే నాకు రెండు చెవులూ ఉండేవి." మళ్ళీ నెమ్మదిగా అంది. "రోగం అన్నారు కాబట్టి ఇన్నాళ్ళూ కాస్త జాలి ఉండేది. ఇవాళ అది కూడా తీసేశారు. మంచిది. ఇంక ఎవరూ ఫోన్ చెయ్యకండి."

మిషన్ మళ్ళీ మొదలైంది. ఆ తర్వాత ఫోన్ పెట్టేసిన చప్పుడు.

జెల్ అక్క వరండాలో అలాగే నిలబడింది. పొద్దున్న హాల్లో దొరికిన తీపి నోట్లో ఎక్కడా లేదు. వెనకనుంచి తమ్ముడు చొక్కా కాలరు సర్దుకుంటూ వచ్చాడు.

"ఏమందక్కా? ఎప్పుడొస్తానంది?"

ఆవిడ ఇన్నేళ్ళలో వాడికి ఎన్నో మాటలు మెత్తగా చేసి చెప్పింది. ఇంకొకటి చెప్పడానికి నోరు తెరిచింది గానీ రాలేదు.

"నువ్వే కొట్టావంది రా," అంది. "నేను కొట్టించానంది."